పళ్ళు తోముకున్న తాబేలు

పిచ్చుక బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకుని అరగంట దాటింది.

"లోపల ఏం చేస్తున్నావే?" అమ్మ బయటి నుంచి కేకేసింది.

"పళ్ళు తోముకుంటున్నా!"

"మధ్యాహ్నం మూడింటికా?"

నిజానికి అక్కడ తోముతున్నది పళ్ళని కాదు, తాబేలుని. పాత బ్రష్షుకి టూత్‌పేస్టు దట్టంగా పట్టించి, వెండి నాణెం మీదున్న సముద్రపు తాబేలుని పిచ్చుక తెగ రుద్దేస్తోంది.

పదేళ్ళొచ్చినా ఒక్కచోట నిలవదని ఆమెకి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పిచ్చుకకి ఒకటే పట్టుదల: కొత్త స్కేట్స్ కొనాలి. పాతవాటిలో ఒక చక్రం పగిలింది. మూడు వారాల్లో స్కేటింగ్ పోటీ. కుట్టుమిషన్లు బాగుచేసే అమ్మ "పై నెల చూద్దాం" అంది. పై నెలకి పోటీ అయిపోతుంది కదా!

అప్పుడే ఈ తాబేలు నాణెం గుర్తొచ్చింది. అవి ఐదువేలే ముద్రించారు. నిరుడు పుట్టినరోజుకి అమ్మ పోస్టాఫీసులో లైన్లో నిలబడి మూడు వందలకి కొనిచ్చింది. ఇప్పుడు అలాంటి నాణేన్నే ఎవరో ఫోన్లో ఆరు వేలకి అమ్మకానికి పెట్టారు!

"నీ నాణెం, నీ ఇష్టం. కానీ ముందు నాణేల దుకాణం తాతగారికి చూపించు," అంది అమ్మ.

పిచ్చుకకి అంత ఓపికెక్కడిది? నాణెం అంచున గోధుమరంగు మచ్చ ఉంది. మచ్చ ఉంటే ఎవరు కొంటారు? సీలు వేసిన డబ్బా విప్పేసింది, తోమేసింది, ఫోటో తీసి అమ్మ ఫోన్లో అమ్మకానికి పెట్టేసింది. తాబేలు తళతళా మెరిసిపోయింది. ఆ రాత్రి స్కేట్స్‌కి ఎర్ర లేసులా, నీలం లేసులా అని ఆలోచిస్తూ పడుకుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

మర్నాడు అమ్మతో దుకాణానికి వెళ్ళింది. అమ్మ గుమ్మం దగ్గర ఎవరిదో మిషన్ సంగతి మాట్లాడుతోంది.

"తాతగారూ, దీనికి ఆరు వేలు అడగనా, ఏడా?"

తాతగారు నాణేన్ని అంచులతో పట్టుకుని భూతద్దం కింద పెట్టారు.

"దేంతో తోమావు తల్లీ?"

"టూత్‌పేస్టుతో. మచ్చ ఉందని..."

"ఇలా రా, చూడు."

భూతద్దంలోంచి చూస్తే తాబేలు వీపు నిండా సన్నని గీతలు. వందలకొద్దీ గీతలు!

"ఫోన్లో ఉన్న ఆరు వేలు అడిగే ధర. ఎవరూ ఇచ్చిన ధర కాదు. మచ్చతోనే తెచ్చుంటే నేను మూడు వేలిచ్చేవాణ్ణి. మచ్చ దానంతటదే వచ్చింది. గీతలు మనం పెట్టినవి. ఇలా తోమిన నాణెం సేకరించేవాళ్ళకి అక్కర్లేదు. ఇప్పుడు దీని వెండి విలువ నూట యాభై."

పిచ్చుకకి ఏడుపు తన్నుకొచ్చింది. మూడు వేలు చేజేతులా టూత్‌పేస్టు నురగలో కలిపేసుకుంది!

అంతలో చేతిలోని అమ్మ ఫోన్ టింగుమంది. మెసేజ్. 'మా అమ్మాయి సముద్ర జంతువుల నాణేలు కూడబెడుతోంది. తాబేలు ఒక్కటే తక్కువ. నాలుగు వేలిస్తాం. డబ్బాలోంచి ఎప్పుడూ తీయలేదు కదా?'

నాలుగు వేలు! ఫోటోలో గీతలు కనబడవు. 'తీయలేదు' అని టైప్ చేసింది పిచ్చుక. ఇక పంపడమే.

వేలు కదల్లేదు. ఆ అమ్మాయి దగ్గర కూడా భూతద్దం ఉంటుందేమో. డబ్బా తెరిచి, ఆశగా చూసి, తనలాగే ముఖం మాడ్చుకుంటుందేమో. పిచ్చుకకి సిగ్గేసింది. రాసిందంతా చెరిపేసింది.

"తాతగారూ, మీ భూతద్దం ఒక్క నిమిషం పట్టుకుంటారా?"

భూతద్దంలోంచి గీతల్ని ఫోటో తీసింది. కింద ఇలా రాసింది: 'తీశాను. టూత్‌పేస్టుతో తోమాను. ఇవన్నీ గీతలే. దుకాణంలో నూట యాభై అన్నారు.' కళ్ళు గట్టిగా మూసుకుని పంపేసింది.

అమ్మ లోపలికి వచ్చేసరికి జరిగిందంతా చెప్పేసింది. అమ్మ తిట్టలేదు, తల నిమిరింది. అదే ఇంకా కష్టంగా అనిపించింది పిచ్చుకకి.

సాయంత్రం దాకా జవాబు లేదు. ఆ తర్వాత టింగుమంది.

'మా అమ్మాయి ఒకటే నవ్వు! పళ్ళు తోముకున్న తాబేలు లోకంలో ఇదొక్కటేనట. నూట యాభైకి ఇస్తారా?'

నాలుగో రోజున ఆ డబ్బు చేతికొచ్చింది. దానితో కొత్త స్కేట్స్ రావు. ఒక చక్రం వస్తుంది. పిచ్చుక చక్రమే కొంది. అమ్మ మిషన్ స్పానర్‌తో దాన్ని పాత స్కేట్‌కి బిగించింది.

"ఇంకా పదిహేడు రోజులున్నాయి. రోజూ ఐదింటికే లేస్తా!" అంది పిచ్చుక బెల్టు బిగించుకుంటూ.

కొత్త చక్రం మధ్యలో నల్లగా, జిడ్డుగా ఏదో అంటుకుని ఉంది. చూస్తే చిరాకేసింది. గుడ్డ తీసింది, చక్రం దగ్గరికి తెచ్చింది, ఠక్కున ఆగిపోయింది.

"అమ్మా, దీన్ని తుడవచ్చా?"

"వద్దే, అది గ్రీజు. అదుంటేనే చక్రం తిరుగుతుంది."

పిచ్చుక గుడ్డ పక్కన పడేసి వీధిలోకి దూసుకుపోయింది.