బస్వమ్మ రొట్టె కొలత

ఆ పొద్దున బస్వమ్మ పొయ్యి సంగతే మరిచిపోయి, వాకిట్లో స్టాండు వేసిన సైకిల్ చుట్టూ తిరుగుతోంది. కోడలు గిరిజ గ్రామసేవిక. జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి వైపు ఊళ్లన్నీ సైకిల్ మీద తిరగాలి. వానలు మొదలైన దగ్గర్నుంచి ఎర్రమట్టి ఎగిరి చీరలు పాడవుతుంటే, కొడుకు వీరప్ప మొన్ననే కొత్త మడ్‌గార్డులు బిగించాడు. పీడ వదిలిందనుకున్నారా? నిన్న మట్టి ఇరుక్కుని చక్రం ఠక్కున ఆగింది. గిరిజ పడి మోకాలు చీరుకుపోయింది.

"ఇగ చాలు! నౌకరీకి రాజీనామా రాయి," అన్నాడు వీరప్ప పానా పట్టుకుని.

"రాయను. ఆడ బాలింతలు నాకోసం ఎదురుచూస్తుంటరు." గిరిజకు ఏడుపొచ్చేసింది.

"అమ్మా, నువ్వన్న చెప్పు. రోజూ వద్దనేది నువ్వే గదా!"

నిజమే, చీరలు పాడవుతున్నాయంటూ రోజూ వద్దనేది బస్వమ్మే. కానీ ఇప్పుడు ఆ చక్రం ఎందుకాగిందో తేలందే ఆమెకు నీళ్లు కూడా దిగేట్టు లేవు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు పెట్టి చూసింది. దూరలేదు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా! గింత బిర్రుగ పెడితే మట్టి ఎటు పోతది?"

"చూడనీకి మంచిగుంటదని..."

"చూసుకుంట కూసో!"

లోపలికెళ్లి, రాత్రి మిగిలి గట్టిపడిన జొన్నరొట్టెలు తెచ్చింది. తుంచి, రెండేసి ముక్కలు కలిపి పట్టుకుంది.

"మడ్‌గార్డు కడ్డీల నట్లు వదులు చెయ్యి. టైరు మీద మూడు తావుల్ల ఈ ముక్కలు పెట్టి, మడ్‌గార్డు వాటికి ఆనిచ్చి బిగియ్యి. బిగించినంక గుంజెయ్యి. గంత సందు ఉండాలె."

"అత్తమ్మా, అది తినేది!" గిరిజ ఏడుపులోనే నవ్వింది.

"బర్రెకేస్త తియ్యి."

సాయంత్రం వానలోనే వచ్చింది గిరిజ. బస్వమ్మ ఆమెను వెనక్కి తిప్పి చూసింది. చీర తడిసింది గానీ మట్టి చుక్క లేదు.

"చక్రం ఆగలేదా?"

"ఎక్కడా ఆగలేదు, అత్తమ్మా."

బస్వమ్మ కళ్లు నిండిపోయాయి. "చీరల కోసం కాదు బిడ్డా నేను వద్దన్నది. నాకు తెల్వని తొవ్వల ఒక్కదానివే పోతుంటే భయమైంది. ఈ ఇంటికొచ్చి ముప్పై ఏండ్లాయె, మొగుడంపల్లి ఎట్లుంటదో నాకెరుక లేదు."

గిరిజ ఆమె చెయ్యి పట్టుకుంది. బస్వమ్మ ముక్కు చీది, సైకిల్ వంక ఓరగా చూసింది.

"ఆ వెనక సీటు నన్ను మోస్తదా?"

గిరిజ జవాబు చెప్పేలోపే వీరప్ప పానా తీసుకుని క్యారియర్ నట్లు బిగించడానికి కూర్చున్నాడు.