మూత మీద పసుపు టేపు

"చెయ్యి తియ్యండి. ముందు నేను పట్టుకున్నాను."

"మీరు పట్టుకున్నది ఛార్జరు. లాప్‌టాప్‌ని పట్టుకున్నది నేను."

మా ప్రేమకథలో మొదటి మాటలు ఇవీ. సియోల్ నాగ్వన్ బజారు రెండో అంతస్తులో, పాత సామాను కొట్టు ముందు, మార్చి నెల మధ్యాహ్నం. హీరోయిన్ చేతిలో లాప్‌టాప్, హీరో చేతిలో ఛార్జరు. నా స్థాయి ఏమిటో నాకు అప్పుడే అర్థం కావలసింది.

నా పేరు తక్ జేహా. సంగీత దర్శకుణ్ణి అని చెప్పుకుంటాను. దోమల మందు, పరుపులు, వేయించిన కోడి, ఈ మూడింటి ప్రకటనలకు పాటలు కడతాను. మా అమ్మ పక్కింటివాళ్ళతో "మావాడు కంప్యూటర్ పని చేస్తాడు" అంటుంది. అందులో అబద్ధం తక్కువే.

నా దగ్గర పదకొండేళ్ళ నాటి పెట్టె ఒకటి ఉంది. మైకుకీ కంప్యూటరుకీ మధ్య కూర్చుని పాటను లోపలికి పంపుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. ఒక్కనాడు మొరాయించి ఎరగదు. అయితే ఆ జనవరిలో దాన్ని తయారుచేసిన కంపెనీ, ఇక దీనికి డ్రైవర్ ఇవ్వం అని చల్లగా చెప్పేసింది. పెట్టె మాట కంప్యూటరుకి అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. అది లేకపోతే పెట్టె పచ్చలైటు వెలిగించుకుని పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంటుంది, కొత్త కంప్యూటరేమో దానివైపు కన్నెత్తి కూడా చూడదు.

కంపెనీకి ఫోన్ చేశాను.

"సార్, మీ పరికరం జీవితకాలం ముగిసింది."

"నా ఎదురుగా వెలుగుతోందండీ!"

"వెలిగినా ముగిసింది సార్."

నాకు ముప్పై మూడేళ్ళు. నా పెళ్ళి విషయంలో మా అమ్మ కూడా ఇంచుమించు ఇదే మాట అంటోంది. అందుకే ఆ పెట్టె మీద అంత అభిమానం పుట్టుకొచ్చింది.

దానికి మందు ఒక్కటే. అప్‌డేట్ ముఖం చూడని పాత లాప్‌టాప్ సంపాదించి, దానికి ఇంటర్‌నెట్ గాలి సోకకుండా దాచుకోవాలి. నాగ్వన్ బజారులో అలాంటిది ఒకటే మిగిలింది. దాని కోసమే నేనూ, ఆ అమ్మాయీ పీక్కుంటున్నాం.

"మీదీ ఆ పెట్టేనా?" అన్నాను.

"మరి దీన్ని అందం చూసి కొంటున్నాననుకున్నారా?"

అంతలో మూడో చెయ్యి వచ్చి లాప్‌టాప్ మూత మీద పడింది. ముసలి చెయ్యి. వేళ్ళకు రెండు ఉంగరాలు.

"పోట్లాడుకోండమ్మా, పోట్లాడుకోండి. ఈలోగా నేను డబ్బిచ్చేస్తాను," అన్నాడు పెద్దాయన. పేరు ఖ్వాక్. వయసు అరవై నాలుగు. వృద్ధుల డాన్సు హాల్లో కీబోర్డు మీద పాతకాలపు ట్రాట్ పాటలు వాయిస్తాడు. ఆయనదీ అదే పెట్టె.

కొట్టు యజమానికి భోజనం చల్లారిపోతోంది. "ముగ్గురూ కలిసి కొనుక్కుని వారాన్ని పంచుకోండి. ఇక్కడినుంచి కదలండి చాలు," అన్నాడు.

అలా సోమ, మంగళవారాలు నావి అయ్యాయి. బుధ, గురువారాలు ఆ అమ్మాయివి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఖ్వాక్ మాస్టారివి. "పెద్దవాణ్ణి, నాకు మూడు రోజులు," అన్నాడాయన. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పడం మా ఊళ్ళో ఇంకా అలవాటు కాలేదు.

ఆ అమ్మాయి పేరు వీ సోదమ్. హేగుమ్ వాయిస్తుంది. రెండే తీగలున్న ఆ వాయిద్యంతో పది తీగలకు సరిపడా ఏడిపించగలదు. జూలై నెలాఖరులోగా ఒక పోటీకి పాట పంపాలి. గెలిస్తే సొంత ఆల్బమ్.

లాప్‌టాప్ మూతకు కీలు వదులు. సంచిలో దానంతట అదే తెరుచుకునేది. అందుకని ఎవరి వంతు అయ్యాక వాళ్ళు మూతకు టేపు వేసి పంపాలని పెట్టుకున్నాం. నాది పసుపు టేపు, సోదమ్‌ది నీలం, మాస్టారిది కరెంటు పనివాళ్ళు వాడే నల్లటేపు. ఈ టేపు ముక్కే ముందుముందు నా పరువు తీస్తుందని నాకేం తెలుసు?

మంగళవారం సాయంత్రం ఆరింటికి జొంగ్నో స్టేషన్ అయిదో గేటు దగ్గర సోదమ్‌కి సంచి ఇవ్వాలి. మొదటి వారం ఆ పని పది సెకన్లలో అయిపోయింది. రెండోవారం పది నిమిషాలు పట్టింది. ఏప్రిల్ దాటేసరికి ఇద్దరం గేటు పక్క బండి దగ్గర వేడివేడి చేపముక్కల పులుసు కప్పులు పట్టుకుని గంటసేపు నిలబడేవాళ్ళం.

"ఈ వారం ఏం పాట కట్టారు?"

"పరుపుల పాట. నడుమునొప్పి మీద రెండు చరణాలు."

"పాడండి."

"రోడ్డు మీదా?"

"నడుము నొప్పి ఉన్నవాళ్ళంతా రోడ్డు మీదే ఉంటారు."

పాడాను. ఒకావిడ నా చేతిలో నాణెం పెట్టబోయింది. సోదమ్ నవ్వీ నవ్వీ పులుసు ఒలకబోసుకుంది. ఆ రోజు ఇంటికెళ్ళి పెట్టె పచ్చలైటుకేసి చూసి, "కంపెనీవాడు చల్లగా ఉండాలి," అన్నాను. తిట్టిన నోటితోనే.

జూన్ రెండున పిడుగు పడింది. ఎవరో కాలేజీ కుర్రాడు మా పెట్టెకు తనే డ్రైవర్ రాసి, అందరూ వాడుకోండని ఉచితంగా పెట్టేశాడని ఆ రోజే నా కంటబడింది. నా కొత్త లాప్‌టాప్‌లో వేశాను. రెండు నిమిషాల్లో పెట్టె పలికింది. ఎగిరి గంతేశాను. గంతు సగంలో ఉండగానే గుండె జారింది. ఈ మాట సోదమ్‌కి చెబితే ఆమెకు ఇక పాత లాప్‌టాప్ అక్కర్లేదు. నాతో పని అక్కర్లేదు. అయిదో గేటూ, మంగళవారమూ అక్కర్లేదు.

దాచాను.

మోసం చేసినా పద్ధతిగా చేసే మనిషిని నేను. ప్రతి సోమవారం మాస్టారి నల్లటేపు పీకి, లాప్‌టాప్‌ని పది నిమిషాలు వేడెక్కనిచ్చి, నా పసుపు టేపు వేసేవాణ్ణి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనుకున్నాను.

కానీ ప్రతి మంగళవారం ఒక మాట ముల్లులా గుచ్చేది.

"పోటీ పాట ఎంతవరకు వచ్చింది?"

"ఇంకా సగమే. వారానికి రెండు రోజులు ఏం సరిపోతాయి చెప్పండి?"

ఆమెకు ఏడు రోజులూ దొరికే దారి నా జేబులో ఉంది. నేనేమో చేపముక్కలు నములుతున్నాను. జూలై వచ్చింది, ముసురు పట్టింది, నాకు అన్నం సయించడం మానేసింది. చెబితే మనిషి పోతుంది. చెప్పకపోతే ఆమె పాట పోతుంది. కుడితిలో పడ్డ ఎలుకకైనా నాకన్నా మర్యాద ఉంటుంది.

చివరికి చెప్పేద్దామనుకున్నాను. అయితే ముఖం చూసి చెప్పే ధైర్యం ఉంటే పరుపుల పాటలు ఎందుకు రాసుకుంటాను? ఎనిమిది కాగితాలు చింపి, తొమ్మిదోదాని మీద ఇలా రాశాను. "మీ దగ్గర ఒక విషయం దాచాను. ఇంకొకటి కూడా దాచాను. శనివారం ఒంటిగంటకు బజారు వెనక సందులో కాల్‌గుక్సు నూడుల్స్ హోటలుకు రండి. రాకపోతే అర్థం చేసుకుంటాను." దాన్ని కీబోర్డు మీద పెట్టి, మూత వేసి, పసుపు టేపు అంటించి, మంగళవారం సంచి చేతికిచ్చాను. పైన పేరు, కింద సంతకం రెండూ మర్చిపోయానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

శనివారం పన్నెండున్నరకే వెళ్ళి కూర్చున్నాను. ఇస్త్రీ చొక్కా. రెండు గిన్నెలు చెప్పాను. సరిగ్గా ఒంటిగంటకు తలుపు తెరుచుకుంది.

జుట్టుకు నూనె రాసి నున్నగా దువ్వుకుని, రెండు ఉంగరాల మీద మూడోది కూడా పెట్టుకుని ఖ్వాక్ మాస్టారు లోపలికొచ్చాడు.

"నువ్వేనా రాసింది!" అంటూ ఎదురుగా కూలబడ్డాడు. "రాత్రంతా నిద్ర లేదురా అబ్బాయ్. నన్ను వాటాలోంచి తీసేస్తున్నారేమోనని. మూడు రోజులు ఎక్కువైతే రెండు చేసుకుంటాను, అంతేగానీ..."

"మాస్టారూ, అది మీకు కాదు."

"నా వంతులో ఉంది. నాకు కాకపోతే ఎవరికి?"

చెప్పలేక చెప్పాను. ఆయన గిన్నె ముందుకు లాక్కుని సావధానంగా తినడం మొదలెట్టాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అంటే ఆమె చదివి, ఎక్కడిదక్కడ పెట్టి, మీకు పంపేసింది. రానని చెప్పడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఉండదులెండి."

"చదవలేదు."

"ఊరుకోండి మాస్టారూ."

"మూతకు పసుపు టేపు ఉందిరా. నేనే గోరుతో పీకాను. తెరిచిన మనిషైతే నీలం టేపు వెయ్యాలిగా?" నూడుల్స్ జుర్రుతూ ఆయన చెప్పుకుపోయాడు. "మే నెల చివరినుంచీ నాకు పసుపు టేపే వస్తోంది. ఇద్దరూ కలిసి ఒకే టేపు కొనుక్కుంటున్నారేమో, అంతదాకా వచ్చిందన్నమాట అనుకున్నాను."

నా చేతిలో స్పూను ఆగిపోయింది.

మే చివరినుంచీ సోదమ్ ఆ మూత తెరవలేదు. ఆ లాప్‌టాప్‌తో ఆమెకు పని లేదు. అయినా ప్రతి మంగళవారం వచ్చింది. వానలో కూడా వచ్చింది.

"మాస్టారూ, ఆ చీటీ ఇచ్చెయ్యండి."

"ఇవ్వను. హోటలుకు రమ్మని నాకు చీటీ రావడం ఈ జన్మలో ఇదే మొదలు."

"సంచి ఒక్కటి నాకిచ్చి లాప్‌టాప్ మీరే ఉంచుకోండి. ఏడు రోజులూ మీవే."

"చీటీ కూడా నాదే," అని నా గిన్నెలో కూరముక్కలు కూడా ఏరుకుని తిన్నాడు. సరదాకి కాదు, ఆకలికి. ఆ లాప్‌టాప్ కూడా మాలో నిజంగా కావలసింది ఆయనొక్కడికే.

మంగళవారం వాన దంచి కొడుతోంది. అయిదో గేటు రేకు కింద సోదమ్ గొడుగు దులుపుతోంది. జుట్టు కొసలనుంచి నీళ్ళు కారుతున్నాయి. సంచి ఇచ్చాను. అలవాటుగా భుజాన వేసుకుంది.

"పోయినవారం లాప్‌టాప్ ఎలా నడిచింది?" అన్నాను.

"అబ్బో, ఫ్యాను ఒకటే గోల. రెండు రోజులూ నరకం చూశాను."

"కీబోర్డు?"

"దానికేం? బాగానే ఉంది."

"దానిమీద మీకేం కనిపించలేదా?"

"దుమ్ము కనిపించింది. కాస్త తుడిచి ఇవ్వకూడదూ?"

ఇంత హాయిగా అబద్ధమాడే మనిషిని చూసి నాకు ప్రేమ రెట్టింపైంది.

"సోదమ్ గారూ, ఓసారి జిప్పు తీసి చూడండి."

తీసింది. లోపల మా వంటింటి చెక్క పలక ఉంది. కూరగాయలు తరుక్కునేది. ఉల్లికాడల వాసన కూడా తాజాగానే ఉంది.

సోదమ్ దానికేసి చూసింది, నాకేసి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"శనివారం. మీ దగ్గరికి పసుపు టేపుతో వెళ్ళింది పసుపు టేపుతోనే మాస్టారి దగ్గరికి చేరుతోంది."

"టేపు!" అని నుదురు కొట్టుకుంది. "ఎవరో కుర్రాడు రాసిన డ్రైవర్ మే ఇరవైన దొరికింది. చెబితే మీరు ఇక రారేమోనని..." అని ఆగి, చటుక్కున తలెత్తింది. "మరి మీకు?"

"జూన్ రెండు."

"జూన్ రెండా? నా పాట సగంలో ఆగిపోయిందని వారంవారం చెబుతుంటే వింటూ కూడా దాచారా?"

"దాచాను. తప్పే. అది చెప్పడానికే చీటీ రాశాను."

సోదమ్ చెక్కను సంచిలోంచి తీసి చేత్తో బరువు చూసింది.

"పాట జూన్ పదినే పంపేశాను," అంది. "లేకపోతే ఈ చెక్కతోనే మీ తల పగిలేది."

"పగలాల్సిందే."

"చీటీ అన్నారు. ఏది?"

"మాస్టారి దగ్గర ఉంది. ఇవ్వనంటున్నాడు."

"అయితే అందులో ఉన్నది నోటితో చెప్పండి."

"రెండు విషయాలు దాచానని రాశాను. ఒకటి డ్రైవర్."

"రెండోది?"

పరుపుల మీద, దోమల మీద, కోడి మీద ఇప్పటిదాకా నాలుగొందల పాటలు రాసినవాణ్ణి. ఒక్క ముక్క తట్టలేదు. "మీరంటే నాకిష్టం. మంగళవారం లేకపోతే నాకు వారమే లేదు," అన్నాను. ప్రాస లేదు, రాగం లేదు. గొంతు కూడా కీచుమంది.

సోదమ్ చెక్కను సంచిలో పెట్టి జిప్పు లాగింది. తన సంచిలోంచి నీలం టేపు తీసింది. రెండు నెలలుగా వాడని చుట్ట. ఒక ముక్క చించి జిప్పు మీద అడ్డంగా అంటించి, సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు? అది మా ఇంట్లో ఉన్న ఒకే ఒక చెక్క!"

"బుధ, గురువారాలు నావి. ఒప్పందం ఒప్పందమే."

"మరి గురువారం సాయంత్రం ఎవరికిస్తారు? మాస్టారికి లాప్‌టాప్ ఉందిగా."

"మీకే. ఆరింటికి ఇక్కడే ఉండండి," అంది గొడుగు విప్పి నాకు సగం చోటిస్తూ. "ఇప్పుడు మాత్రం నడవండి. ఇంత వానలో ఉల్లికాడల పాజన్ అట్టు తినకుండా ఇంటికెళ్ళేవాళ్ళని నేను పెళ్ళిచేసుకోను."