శుక్రవారం ఏడింటి టేపు

పరుగు!

వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒకరు కాదు... ఇద్దరు!

టేపులక్క వయసు యాభై మూడు. ఆవిడ మోకాళ్లకి ఇంకో పదేళ్లు ఎక్కువే ఉంటాయి. అయినా రెండేసి మెట్లు దిగుతోంది. స్వెట్టర్ లోపల, పొట్టకి అదుముకుని, పళ్లెమంత టేపు రీలు. ఇంకా గోరువెచ్చగానే ఉంది.

ఆరూ ఇరవై. చలికాలం కాబట్టి అప్పుడే చీకటి పడింది. పైగా వాన!

"ఏయ్! ఆగవే ముసల్దానా!"

ఒళ్లు మండింది.

"మీ అమ్మమ్మని పిలుచుకో అలాగ!" వెనక్కి తిరక్కుండానే అరిచింది.

ఆవిడ టేపుల షాపు కిందే బేకరీ. దాని వెనక తలుపు. భుజంతో ఒక్క తోపు. తెరుచుకుంది! బేకరీ తమ్ముడు పిండి చేతులతో నోరు వెళ్లబెట్టాడు.

"ఏంటక్కా? ఏమైంది?"

"ట్రాలీ అడ్డం పెట్టు!"

ఎందుకని అడగలేదు. రొట్టెల ట్రాలీని ఒక్క తన్ను తన్నాడు.

ధడేల్!

వెనక ఎవడో బొక్కబోర్లా పడ్డాడు. బూతులు. రొట్టెలు నేలంతా దొర్లాయి.

ఇందాక ఆరింటి దాకా ఈ టేపు ఈ బేకరీలోనే ఉంది. ముప్పై ఏళ్లు మూలపడ్డ టేపు జిగురెక్కిపోతుంది. అలాగే తిప్పితే పైపొర ఊడిపోయి చస్తుంది. ఎనిమిది గంటలు సన్నని సెగ తగిలితే మళ్లీ పలుకుతుంది. బేకరీ తమ్ముడు వెచ్చటి అర ఒకటి అక్క కోసం ఖాళీగా ఉంచుతాడు. ఎన్ని టేపులు రొట్టెల పక్కన పడుకుని బతికి బట్టకట్టాయో!

కానీ ఇది అన్నిట్లాంటిది కాదు. ఇది అన్నయ్య.

వీధిలోకి వచ్చి పడింది. కుడివైపు తిరిగితే రెండు వీధుల అవతల రేడియో మెకానిక్ ఇల్లు. వాళ్లింట్లో ఇంకో టేపు మెషిన్ ఉంది. ఏడింటికల్లా అక్కడికి చేరితే చాలు!

ఏడింటికి నాలుగు వందల పన్నెండు మంది కాచుకుని ఉంటారు.

జాజ్ పిచ్చోళ్లు. క్లబ్బుల్లో, హోటళ్లలో ఎవరో ఎప్పుడో దొంగచాటుగా పట్టిన లైవ్ టేపులు పోగేసేవాళ్లు. ఏ కంపెనీ విడుదల చెయ్యనివి. అమ్మరు, కొనరు. టేపుకి టేపు మార్చుకుంటారు, అంతే. ప్రతి శుక్రవారం ఏడింటికి అందరూ ఇంటర్నెట్‌లో ఒకే లైన్‌లోకి వస్తారు. ఒకరు టేపు వేస్తారు. మిగతావాళ్లు వింటారు. కాదు కాదు... వినడం తర్వాత. ముందు రికార్డు బటన్ నొక్కుతారు! పెళ్లాం పిలిచినా, ఇల్లు తగలబడుతున్నా, ముందు ఆ బటనే.

ఇరవై ఏళ్లుగా వస్తూ ఒక్క ముక్క కూడా మాట్లాడని వాడొకడున్నాడు ఆ గుంపులో. 'మూలకుర్చీ' అని పేరు పెట్టుకున్నాడు. వస్తాడు, వింటాడు, పోతాడు. ఎవరో ఎవరికీ తెలీదు.

నిన్న టేపులక్క అక్కడ రాసింది. 'దొరికింది! అన్నయ్య ఆఖరి కచేరీ. రేపు ఏడింటికి.'

అదే కొంప ముంచింది. నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ దొరికిన టేపు సంగతి కడుపులో దాచుకోగలిగే కలెక్టర్ ఇంకా పుట్టలేదు.

సందు మలుపు తిరిగింది...

ఎదురుగా కారు!

తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి ఒక చెయ్యి. జబ్బ పట్టుకుని లోపలికి లాగింది.

*

అద్దాల గది. గోడలకి నల్లటి స్పాంజి. మధ్యలో పెద్ద టేపు మెషిన్.

రికార్డింగ్ స్టూడియో.

"కూర్చోమ్మా. కాళ్లు నొప్పి పుట్టుంటాయి."

మెత్తటి గొంతు. తెల్ల జుట్టు. ఈ రోజున మ్యూజిక్ కంపెనీ ఛైర్మన్. ముప్పయ్యొక్కేళ్ల కిందట... ఒక నేలమాళిగ క్లబ్బుకి ఓనర్.

ఆ క్లబ్బులోనే అన్నయ్య శాక్సఫోన్ వాయించేవాడు. ఆ క్లబ్బులోనే చచ్చిపోయాడు. 'తాగొచ్చాడు, వాయించలేకపోయాడు, సిగ్గుతో కాల్చుకున్నాడు' అని చెప్పాడీ ఓనర్. పోలీసులు రాసుకున్నారు. ఊరంతా నమ్మింది.

కాల్చుకున్నాడంటే ఏడ్చి ఊరుకునేదేమో.

వాయించలేకపోయాడా? అన్నయ్యా?!

ఆ మాట ఆవిడకి ఇప్పటికీ గొంతు దిగలేదు. ఆ రోజు నుంచే టేపులు పోగెయ్యడం మొదలుపెట్టింది. నాలుగు వందల రీళ్లు. ఏదో ఒకదాంట్లో ఆ రాత్రి ఉండకపోతుందా అని! మొన్న ఆ బ్యాండు డ్రమ్మర్ భార్య ఫోన్ చేసింది. ఆయన పోయాక అటక దులిపితే ఈ రీలు బయటపడిందట. బదులుగా ఏం కావాలంటే, 'మా ఆయన ఒక్కడే డ్రమ్స్ వాయించిన టేపు నీ దగ్గరుందటగా, అదివ్వు చాలు' అంది.

అక్క ఇంకా వినను కూడా లేదు. మెషిన్ ఎక్కిద్దామని చెయ్యి చాచేసరికి షాపు తలుపు విరిగింది.

"నీ కుర్చీలో నేను కూర్చోను." నిలబడే చెప్పింది.

ఛైర్మన్ నవ్వాడు.

"ఏడింటికేదో ప్రోగ్రామ్ పెట్టుకున్నావట. మావాళ్లు చూపించారు. రద్దయిందనుకో."

"రద్దు చెయ్యడానికి నువ్వెవడివి?"

"టేపు ఇటివ్వు."

ఇవ్వలేదు. వెంటపడ్డ ఆ ఇద్దరూ కలిసి చేతులు విరిచి లాక్కున్నారు. ఒకడి మణికట్టు కొరికింది. వాడు కెవ్వుమన్నాడు. రీలు మాత్రం పోయింది.

"కాల్చెయ్యమంటారా సార్?"

"ముందు వినాలిరా." ఛైర్మన్ రీలుని వెలుగులో తిప్పి చూశాడు. "ఇది ఉత్తుత్తిదనుకో. కాల్చేసి మనం నిద్రపోతాం. అసలుది ఎక్కడో బతికుంటుంది. ఇంజినీర్ని పిలవండి."

తలుపు తెరుచుకుంది.

మెడలో హెడ్‌ఫోన్. వంగిపోయిన నడుం. తలెత్తని చూపు.

హెడ్‌ఫోన్ బాబాయ్!

ఆ క్లబ్బులో మైకులు పెట్టిన మనిషి. అన్నయ్యకి ప్రాణస్నేహితుడు. అన్నయ్య పోయిన నెలకే ఈ ఛైర్మన్ దగ్గర ఉద్యోగంలో చేరాడు. ఆ రోజు నుంచి అక్క ఆయన మొహం చూడలేదు.

"సిగ్గు లేదూ బాబాయ్? మా అన్నయ్య పక్కన కూర్చుని మా అమ్మ వడ్డిస్తే తిన్నావు! ఈయన గుమ్మంలో ముప్పయ్యొక్కేళ్లు ఎలా నిలబడ్డావు?"

బాబాయ్ తల దించుకునే రీలు అందుకున్నాడు. మెషిన్‌కి ఎక్కించాడు.

బటన్ నొక్కాడు.

"వ్యూఊఊప్... స్స్‌స్లుప్... ఊఊయ్..."

గోల! మాట కాదు, పాట కాదు. ఎవరో ఏడుపుని వెనక్కి మింగుతున్నట్టుంది.

"ఏంటిది?" ఛైర్మన్ మొహం చిట్లించాడు.

టేపులక్క చెవి రిక్కించింది.

వెనక్కి తిరుగుతోంది! టేపు చివర్నుంచి మొదటికి తిరుగుతోంది!

ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసే ఇంజినీర్లు కొందరుంటారు. రికార్డింగ్ అయ్యాక టేపుని మళ్లీ మొదటికి చుట్టరు. చివర పైకి ఉంచి అలాగే దాచేస్తారు. అలా ఉంచితే ఎన్నేళ్లైనా చెడదని. వేసే ముందు చుట్టుకోవాలి, లేదంటే ఇదిగో... ఇలా తలకిందులుగా ఏడుస్తుంది. ఇది నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికీ తెలుసు.

నలభై ఏళ్ల సర్వీసున్న బాబాయ్‌కి తెలీదా?

ఆ క్లబ్బులో టేపుల్ని అలా దాచే అలవాటు ఒక్కడికే ఉండేది.

అంటే...

ఈ టేపు పట్టింది బాబాయే!

ఆయన వైపు చూసింది. ఆయన తలెత్తాడు. ముప్పయ్యొక్కేళ్ల తర్వాత మొదటిసారి. కళ్లలో నీళ్లు.

అప్పుడు స్పీకర్లలో ఒక గాలి మొదలైంది. ఎక్కడో దూరంనుంచి. పెరిగింది. ఇంకా పెరిగింది. గదంతా నిండింది...

టక్!

తెగిపోయింది.

ఏ చప్పుడు ముందు పేలి, తర్వాత గదంతా మోగి, మెల్లగా ఆరిపోతుంది? దాన్ని వెనక్కి తిప్పితే ఎలా ఉంటుంది?

తుపాకీ చప్పుడని టేపులక్కకి అర్థమైంది. అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. మొహంలో మాత్రం ఒక్క గీత కూడా కదలనివ్వలేదు.

బాబాయ్ ఇంకో మూడు నిమిషాలు ఆ గోలని తిరగనిచ్చాడు. ఆపాడు.

"పాడైపోయిన టేపు సార్. తడిసి కుళ్లిపోయింది. ఇందులో ఏం లేదు."

ఛైర్మన్ జేబులోంచి పిస్టల్ తీశాడు. తొందరేం లేనట్టు అక్క వైపు తిప్పాడు.

"అసలుది ఎక్కడ?"

"చెప్పను."

"చెప్పవా?"

"చెప్పను! నా షాపులో నాలుగు వందల రీళ్లున్నాయి. ఒక్కోటి గంట. దమ్ముంటే తెచ్చుకుని వింటూ కూర్చో... వినడం వస్తే!"

ఛైర్మన్ దవడ బిగిసింది. మనుషులకి సైగ చేశాడు.

"మొత్తం పట్టుకురండి. ఒక్క రీలు కూడా వదలొద్దు."

ఇద్దరూ పరిగెత్తారు.

గోడ గడియారం. ఆరూ యాభై తొమ్మిది.

"సార్..." బాబాయ్ నంగిగా గొణిగాడు. "దీన్ని అటు తిప్పి కూడా ఒకసారి చూసేస్తా. తర్వాత కాల్చేద్దాం. అనుమానం ఉండకూడదు కదా."

"తొందరగా కానివ్వు."

బాబాయ్ రెండు రీళ్లనీ ఊడదీశాడు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. టేపుని తిరగేసి ఎక్కించాడు. ఇప్పుడు వెనక్కి తిరిగిన ఆ నాలుగు నిమిషాలూ... ముందుకి తిరుగుతాయి!

ఆయన ఎడమ చెయ్యి పక్కనున్న కంప్యూటర్ మీదికి జారింది. నాలుగు అక్షరాల పేరు, కింద రెండు ముక్కల్లో అడ్రసు. ఒక బటన్.

మైక్ మీద చిన్న ఎర్ర దీపం వెలిగింది.

ఛైర్మన్ వీపు అటువైపుంది. టేపులక్క చూసింది. స్క్రీన్ మీద పేరు కూడా చూసింది.

మూలకుర్చీ!

"ఓరి బాబాయ్..." లోపల్లోపలే అనుకుంది.

ఏడు గంటలు.

బాబాయ్ సౌండ్ పూర్తిగా పెంచాడు. బటన్ నొక్కాడు.

శాక్సఫోన్!

ఒకే ఒక్క స్వరం. పైకి లేచింది. వంగింది. విరుగుతుందేమో అనిపించేంతలో నిటారుగా నిలబడింది. అన్నయ్య! తాగినవాడి ఊపిరా అది? చేతకానివాడి ఊపిరా? జనం ఈలలు, చప్పట్లు, బల్లలు గుద్దుతున్నారు. "ఇంకోటి! ఇంకోటి!" అని ఎవరో గొంతు చించుకుంటున్నారు.

అక్క కళ్లలోంచి నీళ్లు దూకాయి. తుడుచుకోలేదు.

ఛైర్మన్ బిగుసుకుపోయాడు.

చప్పట్లు ఆగాయి. కుర్చీలు జరిగాయి. తలుపు మూసిన చప్పుడు. తర్వాత ఒక మెత్తటి గొంతు. ఇదే గొంతు, వయసులో ఉన్నప్పటిది!

"ఈ క్లబ్బులో వాయించిందంతా ఇకమీదట నాది. ఇదిగో కాగితం. సంతకం పెట్టు."

"ఊదింది నా ఊపిరి. పెట్టను."

"పెట్టవా?"

"పెట్టను!"

ఢాం!!

గదంతా మోగింది. మెల్లగా ఆరిపోయింది.

ఆ నిశ్శబ్దంలో మళ్లీ అదే మెత్తటి గొంతు. "తుపాకీ వాడి చేతిలో పెట్టండి. తాగి కాల్చుకున్నాడు... అర్థమైందా?"

"ఆపు!!" ఛైర్మన్ అరిచాడు. మెత్తదనం ఎగిరిపోయింది. "ఆపమంటున్నా! నువ్వా... నువ్వా పట్టింది దీన్ని? వాడితోపాటు ఆ రాత్రే నిన్నూ చంపేసుంటే పోయేది!"

"అవును సార్." బాబాయ్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "చంపేస్తారని భయపడే ఇన్నాళ్లూ నోరెత్తలేదు. టేపుని డ్రమ్మర్ చేతిలో పెట్టి పిరికివాడిలా బతికాను. ఇవాళ భయం వెయ్యట్లేదు."

పిస్టల్ ఆయన గుండె మీదికి లేచింది.

టేపులక్క అడుగు ముందుకేసింది. మధ్యలో నిలబడింది. మోకాలు కలుక్కుమంది. అయినా నిలబడింది!

"ముందు నన్ను కాల్చు. అన్నయ్యని కాల్చిన చేతికి చెల్లెలొక లెక్కా?"

ఛైర్మన్ చెయ్యి ఊగింది. ఆవిడ మీదికి... ఆయన మీదికి... మెషిన్ మీదికి!

ఢాం!!

మెషిన్ పేలింది. నిప్పురవ్వలు. టేపు తెగి ముక్కలై గాల్లోకి లేచింది. పెద్ద రీలు ఊడి నేలమీద దొర్లుకుంటూ వచ్చింది. అక్క వంగి దాన్ని గుండెలకి హత్తుకుంది.

ఛైర్మన్ రొప్పుతున్నాడు. పెదవుల మీదికి మెల్లగా నవ్వొచ్చింది.

"అయిపోయింది. ఒక్కటే కాపీ. అదీ పోయింది. ఇప్పుడు చెప్పుకో... ఎవడు నమ్ముతాడో చూస్తా!"

టేపులక్క కూడా నవ్వింది. గడ్డం ఎత్తి ఎర్ర దీపం వైపు చూపించింది.

ఛైర్మన్ వెనక్కి తిరిగాడు.

కంప్యూటర్ స్పీకర్లో గరగరమంది. ఎక్కడో, ఏ ఊళ్లోనో, ఎవరో గొంతు సవరించుకున్నారు.

"టేపులక్కా... బాగానే ఉన్నావా? పోలీసులు బయల్దేరారు. అడ్రసు మూలకుర్చీ గారు ముందే రాసిపెట్టారు." ఆ గొంతు ఒక్క క్షణం తటపటాయించింది. అలవాటు చావలేదు పాపం. "ఇంకోటక్కా... ఆ రెండో కాల్పు కూడా చాలా క్లియర్‌గా పడింది. ఇక్కడ నాలుగు వందల పన్నెండు మందికీ రికార్డయింది!"