ఖుర్షిదా బ్యారన్

ఇంకొల్లు దాటి మిరప చేల మధ్య నుంచి లోపలికి పోతే ఒక ఊరుంది. పేరెందుకులెండి, ఆ ఊరికి పిల్లనిచ్చేవాళ్లు జడుసుకుంటారు. ఊరి చివర ఆకు కాల్చే పాత పొగాకు బ్యారన్ ఒకటి. కిటికీల్లేని నాలుగు ఎత్తు గోడలు, ఒకే తలుపు. పొగాకు వెయ్యడం మానేసిన ఏడాది నుంచి దాని పొయ్యి వెలగలేదు. చీకటి పడ్డాక అటు వెళ్లే మగాడు లేడు. లోపల్నించి మల్లె అత్తరు వాసనొస్తుందంటారు. చిన్న ఫ్యాను తిరిగే చప్పుడు కూడా... గుర్ర్... గుర్ర్...మని.

కరెంటు లేని బ్యారన్‌లో ఫ్యానేమిటని నవ్వకండి. ఆ ఫ్యాను ఎవరిదో ఊరందరికీ తెలుసు.

ఏటా అంకమ్మ తిరునాళ్లకి ఆ పక్క చేలోనే స్టేజీ కట్టేవాళ్లు. చిలకలూరిపేట నుంచి నాటక సమాజం వచ్చేది. రాణి వేషం ఖుర్షిదాది. ఆవిడ మొహానికి రంగు వేసుకునేది ఆ బ్యారన్‌లోనే.

ఆవిడ తయారవడమే ఒక నాటకం. ముందు కాళ్లు కడుక్కుని గులాబీరంగు టర్కీ తువ్వాలుతో తుడుచుకునేది. ఆ తువ్వాలు ఇంకెవరూ ముట్టుకోకూడదు. కుర్చీలో పట్టు దిండు వేయించుకునేది. ఫ్లాస్కులోంచి బాదంపాలు రెండే గుక్కలు. గొంతుకి కలకండ ముక్క, దాంతో ఒక మిరియం. కుడికాలి గజ్జె కట్టాకే ఎడమకాలిది. మద్రాసులో కొన్న బ్యాటరీ ఫ్యాను చేత్తో పట్టుకుని, వేసిన రంగు ఆరబెట్టుకునేది.

ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి చూసేది సుబ్బరావమ్మ. పద్దెనిమిదేళ్లుగా చెలికత్తె వేషం. చూసి చూసి ఆవిడ కడుపు మండిపోయేది. ఆ బాదంపాల వాసన తగిలినా మండేది. ఖుర్షిదా పద్యం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అని ఈలలు వేసేవాళ్లు. పక్కన వింజామర పట్టుకుని నిలబడ్డ సుబ్బరావమ్మ మొహం ఒక్కడికీ గుర్తుండేది కాదు.

అన్నిటికంటే మండించేది ఆ చుక్క.

ఆ సమాజంలో ఒక ఆనవాయితీ ఉంది. రాణి వేషం కట్టినవాళ్లకి చెవి వెనక కాటుకతో దిష్టి చుక్క పెట్టాలి. ఎవరు పడితే వాళ్లు పెడితే పని చెయ్యదు. ఆ మనిషిని చూసి అందరికంటే ఎక్కువ కుళ్లుకునేవాళ్లే పెట్టాలి. అందుకని ప్రతి ఆటకీ ముందు ఖుర్షిదా అందరూ వినేలా పిలిచేది.

"సుబ్బులూ, రా... చుక్క పెట్టు. మిరియం గింజంతే."

సమాజమంతా ముసిముసిగా నవ్వేది. సుబ్బరావమ్మ కాటుకలో వేలు ముంచి, "కదలకక్కా" అని చుక్క పెట్టి తలొంచుకుని బయటికొచ్చేది. సిగ్గుతో చచ్చిపోయేది పాపం. తనకి రాణి వేషం ఇవ్వకపోయినా పర్లేదు, తనని చూసి కుళ్లుకునే మనిషి ఈ భూమ్మీద ఒక్కరుంటే చాలని రాత్రిళ్లు ఏడ్చేది.

రెండు వేల మూడో సంవత్సరం తిరునాళ్లలో ఒక పని చేసింది. కాటుకలో వేలు ముంచలేదు. ఉత్త వేలితో చెవి వెనక తాకి వదిలేసింది.

"పెట్టావా?" అంది ఖుర్షిదా.

"పెట్టానక్కా."

మూడో అంకం అయ్యాక ఖుర్షిదా చీర మార్చుకోవడానికి బ్యారన్‌లోకి వెళ్లింది... మళ్లీ రాలేదు. పట్టు దిండు మీద ఒరిగిపోయి ఉంది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. చేతిలో ఫ్యాను మాత్రం ఇంకా తిరుగుతూనే ఉందట.

ఉత్త వేలి సంగతి సుబ్బరావమ్మ ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు రాణి వేషం ఆవిడకే వచ్చింది. వచ్చీ రాగానే టర్కీ తువ్వాలు కొంది. పట్టు దిండు కుట్టించింది. మల్లె అత్తరు, ఫ్లాస్కు, బ్యాటరీ ఫ్యాను... ఏదీ వదల్లేదు. అయినా ఆడిన ప్రతి ఊళ్లోనూ ఒకటే మాట, "ఖుర్షిదా అయితేనా..." అని. చచ్చిన మనిషి మీద కూడా కుళ్లుకుంటూనే ఉంది సుబ్బరావమ్మ.

తిరుగుతూ తిరుగుతూ మళ్లీ అంకమ్మ తిరునాళ్లకొచ్చారు. బ్యారన్‌లోకి రావడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. "టెంటులో వేసుకుందువుగానిలే అమ్మా" అని బతిమాలాడు హార్మోనిస్టు ఫిలిప్ మాస్టారు. ఆవిడ వినలేదు. ఖుర్షిదా కూర్చున్న చోటే కూర్చోవాలి. లేకపోతే రాణి వేషం ఎందుకు?

మరి చుక్క ఎవరు పెడతారు? కొత్త చెలికత్తె శ్రీరమ్య ఇరవయ్యేళ్ల పిల్ల. దానికి ఈ వేషం మీద ఆశే లేదు, టీవీ సీరియల్లో ఛాన్సు కోసం చూస్తోంది. సుబ్బరావమ్మని చూసి కుళ్లుకునేవాళ్లు సమాజంలో ఎవరూ లేరు. అందుకే ఆ రాత్రి చుక్క లేకుండానే లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

జనరేటరు నుంచి లాగిన బల్బొకటి వెలుగుతోంది. కాళ్లు కడుక్కుంది. బాదంపాలు రెండు గుక్కలు తాగింది. కుడి గజ్జె... ఎడమ గజ్జె... రంగు వేసుకుంది. కళ్లకి కాటుక పెట్టి డబ్బీ మూత వేసింది. సవరం పెట్టుకోవడానికి జుట్టు పైకెత్తింది—

బల్బు ఆరిపోయింది.

కాటుక కంటే నల్లటి చీకటి. బయట జనం గోల చేస్తున్నారు. సుబ్బరావమ్మ ఎత్తిన చేతులు దించలేదు. మల్లె అత్తరు వాసన... తన సీసా ఇంకా విప్పనే లేదు.

వెనక... గుర్ర్... గుర్ర్...

తన ఫ్యాను సంచిలో ఉంది.

చల్లటి గాలి మెడకి తగిలింది. ఉత్త వేలు గుర్తొచ్చింది. పీక పిసుకుతుంది, ఇక అయిపోయాననుకుంది. "అక్కా... తప్పయింది..." అనబోయింది.

చెవి పక్కనే ఎవరో గుసగుసగా అన్నారు.

"కదలకు..."

బల్బు వెలిగింది. ఎవరూ లేరు. తలుపు వేసింది వేసినట్టే ఉంది. కాటుక డబ్బీ మూత మాత్రం తీసి ఉంది. తనే మరిచిపోయి ఉంటానని గుండె చిక్కబట్టుకుంది. బయట ఫిలిప్ మాస్టారు తలుపు కొట్టాడు. "గంట కొట్టారమ్మా, రా!"

ఎలా నడిచిందో, ఎలా పాడిందో ఆవిడకే తెలీదు. ఆ భయంతోనే పద్యం ఎత్తుకుంది. చేను చేనంతా లేచి వన్స్‌మోర్ అని అరిచింది. మూడుసార్లు పాడించుకున్నారు. ఆ రాత్రి ఖుర్షిదా పేరు ఒక్కరూ ఎత్తలేదు.

తెల్లవారుజామున స్టేజీ వెనక కూర్చుని సవరం విప్పుతోంది. హార్మోనియం సర్దుతున్న ఫిలిప్ మాస్టారు ఆగి చూశాడు.

"చుక్క ఎవరు పెట్టారమ్మా?"

"చుక్కేంటి మాస్టారూ?"

"చెవి వెనక. ఖుర్షిదమ్మకి నువ్వు పెట్టేదానివే... అచ్చం అట్టాగే. మిరియం గింజంత."

సుబ్బరావమ్మ సవరం పక్కన పడేసి వెనక్కి తిరిగింది. "ఏమే శ్రీరమ్యా... నువ్వు గానీ పెట్టావా?"

"నేనా? బ్యారన్ గడపే తొక్కలేదు పిన్నిగారూ! అయినా మిమ్మల్ని చూసి నాకు కుళ్లెందుకు?"

రెండద్దాలు తెప్పించి చూసుకుంది. ఉంది. నల్లగా, గుండ్రంగా, మిరియం గింజంత. ఎవరు పడితే వాళ్లు పెట్టే చుక్క కాదది. అందరికంటే ఎక్కువ కుళ్లుకునే మనిషి పెట్టాల్సింది.

వణుకుతూనే బ్యారన్ వైపు చూసింది. కళ్లమ్మట నీళ్లు. అయినా పెదాల మీదికి నవ్వు తోసుకొచ్చింది, ఆపుకోలేకపోయింది.

తెల్లారాక బోరు దగ్గర మొహం కడుక్కుంది. రంగంతా పోయేలా సబ్బు పెట్టి మెడదాకా రుద్దుకుంది. చెవి వెనక మాత్రం చెయ్యి పెట్టలేదు.