సుషీ కౌంటర్‌లో నాలుగు కుర్చీలు

సుశీల్ కుమార్ ఆ ముక్క మింగలేదు. మింగేలోపే చనిపోయాడు.

తడ దగ్గర హైవే పక్కన, ఇండస్ట్రియల్ పార్క్‌కి వచ్చే జపాన్ ఇంజనీర్ల కోసం కట్టిన ఖరీదైన రెస్టారెంట్ అది. పేరు కైగాన్. కౌంటర్ ముందు కూర్చున్న సుశీల్ కుమార్ తల మెల్లగా ముందుకు వాలి, తెల్లటి చెక్క బల్ల మీద ఆనింది. పక్కవాళ్ళు కునుకు పట్టిందనుకున్నారు. చెఫ్ మోరితా మాత్రం చేతిలో కత్తి కింద పెట్టేశాడు.

డాక్టర్ గుండెపోటు అని రాశాడు. సుశీల్ కుమార్‌ను అక్కడికి పంపిన డిపార్ట్‌మెంట్ ఆ మాట నమ్మలేదు.

మర్నాడు మనుబోలులో ఒక లారీ టైర్ల షాపు వెనక గదిలో ఏజెంట్ రూఫస్ నిలబడి ఉన్నాడు. షాపు ముందు పంక్చర్లు వేస్తున్నారు. వెనక గదిలో ఏసీ, గోడ నిండా స్క్రీన్లు. వాటి ముందు చీఫ్ వనజాక్షి.

"కూర్చోబాక. టైం లేదు," అంది చీఫ్. "సుశీల్ రక్తంలో విషం ఉంది. నోట్లో పడితేనే పనిచేసే రకం. ప్లేటు టెస్ట్ చేసినాం, లేదు. మిగిలిన చేప టెస్ట్ చేసినాం, లేదు. అయినా చచ్చిపోయినాడు."

స్క్రీన్ మీద ఒక విదేశీయుడి ఫొటో వచ్చింది. నెరిసిన జుట్టు, నవ్వని కళ్ళు.

"వాల్డెక్. ఇప్పటికి ఇదే పేరు. అమ్మకానికి దొరికే రహస్యం ఏ దేశంలో ఉంటే ఆ దేశంలో ఉంటాడు." ఫొటో మారింది. కొత్త షర్టు వేసుకున్న కుర్రాడు. "ఇతను ఆండ్రూ. అల్లూరు. తీరం వెంబడి ఉండే రాడార్లకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. జపాన్ కంపెనీలో ఉద్యోగం ఇస్తామని వాల్డెక్ వల వేసినాడు. రేపు మధ్యాహ్నం కైగాన్‌లో లంచ్, అక్కడే ఇంటర్వ్యూ. నీ పని శాంపిల్ తెచ్చి చూపించమన్నాడు. అబ్బాయి రాడార్ కోడ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయల్దేరతా ఉండాడు."

"తెలిసేనా?"

"తెలివి ఉంది. లోకం తెలీదు."

"దారిలోనే ఆపేస్తే పోలా, మేడం?"

"ఆపితే వాల్డెక్ మాయమవుతాడు. ఇంకో ఊళ్ళో ఇంకో ఆండ్రూని వెతుక్కుంటాడు. డ్రైవ్ వాడి చేతిలో ఉండగా పట్టుకోవాల."

"డ్రైవ్ చేతికొచ్చినాక వాల్డెక్‌కి అబ్బాయితో పనేముంటది?"

చీఫ్ అతని వైపు చూడలేదు. బల్ల మీద ఒక పెన్ను, ఒక జత చాప్‌స్టిక్స్ పెట్టింది.

"పెన్ను నొక్కితే దగ్గర్లో ఉన్న ఏ డ్రైవ్ అయినా చెరిగిపోతుంది. కాకపోతే పెద్ద కూత పెడుతుంది. ఆ కూత మన వాళ్ళకి సిగ్నల్, లోపలికి వస్తారు. చాప్‌స్టిక్స్ కొనకి ఆ విషం తగిలితే నీలం రంగు తిరుగుతుంది. కోడ్ బయటికి పోకూడదు, రూఫస్. అది మొదటి పని."

"అబ్బాయి?"

"బతికితే సంతోషం."

"కూత వినగానే వాల్డెక్ అబ్బాయిని కాలుస్తాడు."

"నేను చెప్పింది నీకు వినపడిందా, లేదా?"

రూఫస్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"లోపల మన మనిషి ఉంది. భానుప్రియ. వాల్డెక్‌కి ఇంటర్‌ప్రెటర్. వాడి కబుర్లు మనకి మోస్తది, మనవి వాడికి మోయదని ఆశ. నువ్వు అల్లూరు రొయ్యల ఎక్స్‌పోర్టర్ సుబ్బు. చెన్నై పోతా తిండికి ఆగినావు. మెడలో సిలువ తీసేయ్. బొట్టు పెట్టుకో."

రూఫస్ సిలువ తీసి చీఫ్ చేతిలో పెట్టాడు. బొట్టు పెట్టుకున్నంత మాత్రాన దేవుడు తనని గుర్తుపట్టడేమోనన్న భయం అతనికి లేదు. ఇంకో సందేహం ఉంది. యేసు శిష్యుడు పేతురు కూడా చలిమంట దగ్గర తానెవరో ఒప్పుకోలేదు. ప్రాణభయంతో చెప్పిన అబద్ధానికి అంత ఏడ్చాడే, డ్యూటీ కోసం చెప్పే అబద్ధానికి ఎంత ఏడవాలి? ఇది పాస్టర్‌ని అడిగే ప్రశ్న కాదు. ఆయనకి తెలిసినంత వరకూ రూఫస్ నెల్లూరులో ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో కైగాన్ గుమ్మం దగ్గర కారు ఆగింది. తెల్ల షర్టు, బంగారు గొలుసు, నుదుట ఎర్ర బొట్టుతో సుబ్బు దిగాడు. లోపలున్న పనివాళ్ళంతా జపనీస్‌లో ఒక్కసారిగా స్వాగతం అరిచారు. రూఫస్ చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయి, పిస్టల్ లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది.

నల్ల పట్టుచీర కట్టుకున్న ఒక స్త్రీ ఎదురొచ్చింది. అందంగా ఉంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"చెన్నై బస్సు తడలో ఆగుతుందా, మేడం?" అన్నాడు రూఫస్.

"ఆగదు. దిగాలనుకున్నవాళ్ళు దూకుతారు."

రహస్య సంకేతం సరిపోయింది. భానుప్రియ ముందు నడుస్తూ, తల తిప్పకుండా గొణిగింది.

"ఈసారైనా తెలివైనోణ్ణి పంపిస్తారనుకున్నా."

"పోయినోడు నా ఫ్రెండు."

"అందుకే అనుకున్నా."

కౌంటర్ చివర నాలుగు కుర్చీలు. మొదటి దాంట్లో వాల్డెక్. పక్కన ఆండ్రూ, కాలర్ బిగుతై మెడ తిప్పుకోలేక కూర్చున్నాడు. మూడోది రూఫస్‌ది. నాలుగో దాంట్లో భానుప్రియ కూర్చుంది. మిగతా కుర్చీల్లో పార్క్ ఇంజనీర్లు తమ తిండిలో తాము ఉన్నారు.

"ఈయన రొయ్యలు సప్లై చేస్తాడు, రెస్టారెంట్‌కి కావలసిన మనిషి," అని భానుప్రియ ఇంగ్లీషులో వాల్డెక్‌తో చెప్పింది. వాల్డెక్ రూఫస్‌ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, మొహం తిప్పుకున్నాడు.

"ఏ ఊరన్నా మీది?" ఆండ్రూ ఆశగా అడిగాడు. చాలాసేపటి తర్వాత తెలుగు మనిషి దొరికినట్టుంది.

"అల్లూరు."

"మాదీ అల్లూరే! మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదే."

"చెరువుల కాడే ఉంటాలే, తమ్ముడూ."

"ఇదంతా పచ్చిదేనంట అన్నా. వద్దంటే ఉద్యోగం పోతుందేమో."

చేతులకు గ్లవ్స్ వేసుకున్న ఒక వెయిటర్ చిన్న ట్రేలో వేడి తువాళ్ళు తెచ్చి ఒక్కొక్కరి ముందు పెట్టాడు. చుట్టిన తువాలు నుంచి ఆవిరి వస్తోంది. ఆండ్రూ వేళ్ళ సందులన్నీ శుభ్రంగా తుడుచుకున్నాడు. రూఫస్ తుడుచుకున్నాడు. భానుప్రియ కూడా తుడుచుకుంది.

చెఫ్ మోరితా అన్నం చిన్న ముద్ద చేసి, దాని మీద సన్నగా కోసిన చేప పరిచి, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి పెట్టాడు. ఇక్కడ ఆర్డర్ ఇవ్వడం ఉండదు. ఆయన ఏది పెడితే అది తినాలి.

"కొంచెం ఉడకపెట్టి ఇయ్యొచ్చు కదా?" అన్నాడు రూఫస్, సుబ్బు గొంతుతో.

భానుప్రియ ఆ మాట జపనీస్‌లోకి మార్చింది. మోరితా చూపు కత్తికంటే పదునుగా తగిలింది. చెయ్యి చూపించి ఏదో అన్నాడు.

"చేత్తోనే తినమంటున్నాడు. అదే పద్ధతంట," అంది భానుప్రియ. "నోరు మూసుకుని తినమన్నది నేను కలుపుతున్నా."

వాల్డెక్ ఆండ్రూ వైపు వంగి, నవ్వుతూ ఇంగ్లీషులో అడిగాడు. "శాంపిల్ తెచ్చావా?"

ఆండ్రూ పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. వాల్డెక్ అరచెయ్యి దాన్ని కప్పేసింది.

అదే సమయం. జేబులోని పెన్ను మీద రూఫస్ బొటనవేలు ఆనింది. నొక్కితే డ్యూటీ అయిపోతుంది. కూత వస్తుంది. వాల్డెక్ రెండో చెయ్యి కోటు లోపలే ఉంది.

ముందు అబ్బాయిని ఆ కుర్చీలోంచి లేపాలి. ఎలా?

ఎదురుగా ప్లేట్లో అన్నం ఉంది. బుర్ర వేరే లెక్కలో ఉంది. అలాంటప్పుడు ఒళ్ళు తనకు తెలిసిన పని తను చేసుకుపోతుంది. చిన్నప్పటినుంచి ఒక్క పూట తప్పకుండా చేసిన పని రూఫస్ అప్పుడూ చేశాడు. తల వంచాడు. కళ్ళు మూశాడు. పెదవులు కదిలాయి.

కళ్ళు తెరిచేసరికి, పట్టుచీర కొంగు చాటున పిస్టల్ అతని పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది.

"అల్లూరు సుబ్బు ఎప్పటి నించి అన్నం ముందర కళ్ళు మూసి ప్రార్థన చేస్తా ఉండాడు?" భానుప్రియ గుసగుస చల్లగా ఉంది. "బొట్టు పెట్టుకోను గుర్తుంది. ఇది మర్చిపోను గుర్తులేదు."

రూఫస్ కదల్లేదు. ఇటుపక్క ఇంకొకటి జరిగింది. ఆండ్రూ చేత్తో ఎత్తిన ముక్క నోటి దాకా వచ్చి ఆగింది. బొట్టు పెట్టుకున్న పెద్దమనిషి ప్రార్థన చేసుకుంటే, చర్చిలో పెరిగిన తను పెద్దవాళ్ళ ముందు సిగ్గుపడి మానేశాడు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ముక్క తిరిగి ప్లేట్లో పెట్టి, తల వంచి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అమ్మేసినావన్నమాట," అన్నాడు రూఫస్ పెదవులు కదలనీకుండా.

"నీ ఫ్రెండునీ నేనే అమ్మినా. కదిలితే కాలుస్తా. కదలకపోతే మూడో ముక్కతో ఇద్దరూ హాయిగా నిద్రపోతారు. గొడవ లేదు, రక్తం లేదు."

"మూడో ముక్కలో అని వాల్డెక్ చెప్పినాడా?"

"నాకు చెప్పకుండా వాడేదీ చెయ్యడు."

రూఫస్ చాప్‌స్టిక్స్ తీశాడు. వాటిని పట్టుకోవడం అతనికి చేతకాదు. ముక్కను తాకాడు. రంగు మారలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక తన తువాలు మీద పెట్టాడు.

కొన నీలం తిరిగింది.

చేప కాదు, ప్లేటు కాదు. తువాలు. చేతులకి అంటించి, చేత్తో తినమంటారు. ఎవరి విషం వాళ్ళే నోట్లో పెట్టుకుంటారు. వాల్డెక్ ముందు తువాలు మడత విప్పకుండా అలాగే ఉంది. రూఫస్ రెండో పుల్లని భానుప్రియ వాడి పడేసిన తువాలు మీదికి జరిపాడు. అదీ నీలమే.

ఆమె అది చూడలేదు. ఆమె కళ్ళు ఆండ్రూ మీద ఉన్నాయి. ఆండ్రూ పెదవులు ఆగబోతున్నాయి. ఇంకో మాట, ఆ తర్వాత ఆమెన్. ఆ తర్వాత ముక్క.

అబ్బాయిని హెచ్చరిస్తే వాల్డెక్ కాలుస్తాడు. కుర్రాడి చెయ్యి పట్టుకుంటే భానుప్రియ కాలుస్తుంది. వాల్డెక్‌కి తెలుగు రాదు. కానీ మొహాలు చదవడం వచ్చు.

రూఫస్ మళ్ళీ కళ్ళు మూశాడు. ఈసారి గొంతెత్తాడు.

"ప్రేమగల తండ్రీ! ఈ తమ్ముడి పక్షంగా నీ సన్నిధికి వస్తున్నాం."

పెద్దలు పైకి ప్రార్థన మొదలుపెడితే చిన్నవాళ్ళు కళ్ళు తెరవరు. ఆండ్రూ తల ఇంకా కిందికి వంగింది.

"ప్రభువా, ఏం విన్నా కళ్ళు తెరవని నిబ్బరం ఈ బిడ్డకి దయచెయ్యి. తండ్రీ, ఈ బిడ్డ తుడుచుకున్న తువాల్లో విషముంది. ఆ చెయ్యి నోటికి తగలకుండా కాపాడు. ఈ ఉద్యోగం అబద్ధం ప్రభువా. పక్కన కూర్చున్నవాడు దొంగ."

ఆండ్రూ చేతులు మెల్లగా ప్లేటుకి దూరంగా జరిగాయి. కళ్ళు తెరవలేదు.

ప్రార్థనని వైర్‌లెస్‌లా వాడుకుంటున్నానే అనిపించింది రూఫస్‌కి. దేవుడు దీన్ని ప్రార్థన కింద తీసుకుంటాడా, రిపోర్టు కింద తీసుకుంటాడా? కానీ అడుగుతున్న ప్రాణం నిజమైనదే. గొంతు ఇంకొంచెం పెంచాడు.

"తండ్రీ, నా పక్కన పిస్టల్ పెట్టుకుని కూర్చున్న ఈ అక్కని కూడా జ్ఞాపకం చేసుకుంటున్నాం. ఆమె తువాల్లోనూ అదే విషం పెట్టినారు. నమ్మినవాడే పెట్టినాడు ప్రభువా. ఆ తువాలు మీద విషానికి నీలం తిరిగిన పుల్ల కొన చూసే కళ్ళు ఆమెకి ఇయ్యి. మడత కూడా విప్పని తువాలు ఎవరి ముందుందో చూపించు."

పక్కటెముకల్లో పిస్టల్ ఒత్తిడి అలాగే ఉంది. తగ్గలేదు. పెరగలేదు.

"ఏమంటున్నాడు వీడు?" వాల్డెక్ గొంతు ఇంగ్లీషులో కరుకుగా వినిపించింది.

రూఫస్‌కి చెమట కారి కళ్ళ మీదికి వచ్చింది. తుడుచుకోవడానికి లేదు. చెయ్యి విషం.

"దీర్ఘశాంతం గల దేవా..." అని సాగదీశాడు.

"భానుప్రియా! ఏమంటున్నాడు?"

"అన్నానికి థాంక్స్ చెప్తున్నాడు," అంది భానుప్రియ ఇంగ్లీషులో, విసుగ్గా. "వరి పండించినవాళ్ళకి, చేపలు పట్టినవాళ్ళకి, వండినాయనకి. వీళ్ళు మొదలుపెడితే ఆపరు. నువ్వు ముందు తిను వాల్డెక్. ఇదిగో, చేతులు తుడుచుకోలేదు నువ్వు."

ఆమె తన తువాలు తీసి అతని ముందుకు చాచింది.

వాల్డెక్ వెనక్కి తగ్గాడు. జరిగింది అంతే, ఒక అంగుళం వెనక్కి జరగడం. ఆమెకి అది చాలింది. పిస్టల్ రూఫస్ ఛాతీ ముందు నుంచి దూసుకెళ్ళి వాల్డెక్ వైపు తిరిగింది. వాల్డెక్ చెయ్యి కోటులోంచి బయటికి వస్తోంది. రూఫస్ ఎడమ చేత్తో ఆండ్రూని కుర్చీతో సహా వెనక్కి తోశాడు. కుడి బొటనవేలుతో పెన్ను నొక్కాడు.

రైలు ఇంజను కూత లాంటి శబ్దం హాలంతా నిండింది. రెండు పిస్టళ్ళు ఒకేసారి పేలాయి. వాల్డెక్ తూటా ఆండ్రూ తల ఉండాల్సిన చోటు మీదుగా పోయి గోడలో దిగింది. భానుప్రియ తూటా వాల్డెక్ భుజంలో దిగింది. గ్లవ్స్ వెయిటర్ వంటగది వైపు పరిగెత్తాడు. మోరితా కాలు అడ్డం పెట్టాడు. వాడు అన్నం గంగాళంలో తలకిందులుగా పడ్డాడు.

తలుపులు పగలగొట్టుకుని చీఫ్ మనుషులు లోపలికి వచ్చారు. వాల్డెక్ అరచెయ్యి తెరిస్తే పెన్‌డ్రైవ్ ఉంది. అందులో ఇప్పుడు ఏమీ లేదు.

ఆండ్రూ నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాడు. చేతులు రెండూ ఒంటికి దూరంగా చాచి పెట్టుకున్నాడు.

"లెయ్ తమ్ముడూ. అయిపోయింది."

"చేతులు అన్నా..."

"పద. ఇద్దరం కడుక్కుందాం. సబ్బు అరిగిపోవాల."

ఆ కుర్రాడు కుళాయి దగ్గర చేతులు తోముకుంటూ ఏడ్చాడు. రూఫస్ పక్క కుళాయి కింద తన చేతులు తోముకుంటూ నిలబడ్డాడు.

బయట భానుప్రియకి సంకెళ్ళు వేశారు. జీపు ఎక్కబోతూ ఆమె ఆగింది. నల్ల పట్టుచీర మీద అన్నం మెతుకులు పడి ఉన్నాయి.

"ఏం మనిషివబ్బా నువ్వు? గొంతు ఎండిపోయేదాకా ఆ ప్రార్థన ఆపలేదు."

"సుశీల్ కుమార్‌కి ఆ మాత్రం టైం దొరకలా."

ఆమె మొహం గట్టిపడింది. జీపులో ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"నేను వాల్డెక్‌కి నువ్వన్నది అన్నట్టే చెప్పుంటే?"

రూఫస్ రుమాలు తీసి నుదుటి మీది బొట్టు తుడుచుకున్నాడు.

"ఆమెన్ అనేసుండేవాణ్ణి."