బట్టల కొట్లో సముద్రం

"ఏ ఊరి చెరువండీ?" సీసా అందుకుంటూ అడిగింది సాయిప్రసన్న.

"చెరువు కాదండి. రామచంద్రపురం మెయిన్ రోడ్డు," అన్నాడు సుమంత్.

"చెరువు ఎక్కడుందని అడిగాను."

"అదేనండి. మెయిన్ రోడ్డులో మా బట్టల కొట్లో ఉంది."

ఆమె పెన్ను ఆగింది. "ఎన్నెకరాలు?"

"నాలుగడుగులు."

నీళ్లు పరీక్షించే ఆ ల్యాబ్‌లో వరసలో నిలబడ్డ రొయ్యల రైతులు నవ్వారు. సాయిప్రసన్న నవ్వలేదు. సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. బియ్యం కడిగిన నీళ్లలా ఉంది.

"ఏం పెంచుతున్నారు?"

"ఇంకా ఏమీ లేవండి. ఇసుక, రాళ్లు, ఉప్పునీళ్లు. సముద్రం అక్వేరియం. పగడాలు పెంచుదామని."

"బట్టల కొట్లో పగడాలా?"

"కాకినాడ దగ్గరేగా అండి మాకు."

"దగ్గరైతే అక్కడే పెంచచ్చుగా," అంది. కానీ సీసా మీద అతని పేరు రాసుకుంది. యానాం రోడ్డులో ఆ ల్యాబ్ పెట్టాక సముద్రం అక్వేరియం నీళ్లు రావడం అదే మొదటిసారి.

కొట్టు సుమంత్ తండ్రి చంద్రరావుది. ఆయన తండ్రి చేతి నుంచి ఆయనకి వచ్చింది. సుమంత్ రాజమండ్రిలో ఎంబీఏ చేసి వచ్చి, కొట్లో తనదంటూ చేసిన మొదటి మార్పు ఈ తొట్టె. పిల్లలు చేపల్ని చూస్తూ కూర్చుంటారు, తల్లులు తీరిగ్గా చీరలు చూస్తారన్నది అతని లెక్క. చేపలు రావాలంటే ముందు నీళ్లు బాగుండాలి. నీళ్లు బాగుపడటం లేదు.

"నీళ్లు కూడా అమ్ముతున్నారా అని అడుగుతున్నార్రా జనం," అన్నాడు చంద్రరావు. "వరలక్ష్మీ వ్రతం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే అక్కడ పట్టుచీరల బీరువా వస్తుంది. మళ్లీ కొత్త ఆలోచనలని నా దగ్గరికి రాకు."

చంద్రరావుకి కొన్ని పట్టింపులున్నాయి. మొదటి బేరం, అంటే బోణీ, బయటివాళ్ల చేతి మీదుగానే జరగాలి. ఒకసారి పొద్దున్నే సుమంత్ స్నేహితుడి కోసం చొక్కా తీసి డబ్బివ్వబోతే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇంటివాళ్ల డబ్బు బోణీ ఎలా అవుతుందిరా? కుడి జేబులోంచి ఎడం జేబులోకి మారినట్టు." అలాగే, బోణీకి ముందు కొట్లో ఎక్కడా మురికి కనపడకూడదు.

సాయిప్రసన్న తొట్టె చూడటానికి వచ్చింది. వెళ్లి, మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా వాన తెచ్చేది. సుమంత్ గొడుగు పట్టుకుని ఆటో దాకా ఎదురెళ్లేవాడు. గొడుగు ఆమె మీద పట్టి తను తడిసేవాడు.

"గొడుగు పెద్దదేగా, ఇద్దరికీ సరిపోతుంది," అంది ఒకరోజు.

"మీరేమనుకుంటారో అని..."

"తడిసినవాళ్లు తొట్టెలో చెయ్యి పెడితే ఊరుకోను. అది అనుకుంటాను."

నీళ్లు మాత్రం మారలేదు. చేపల్ని చంపే అమోనియా దిగలేదు. ఇసుక మీద పొద్దున ఏమీ ఉండదు, సాయంత్రానికి గోధుమరంగు పొర కడుతుంది, మర్నాటికి మాయమవుతుంది. నీళ్లు తెల్లగానే ఉంటాయి.

ఆ రోజు ఆమె ఉప్పు కొలిచే పరికరం పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"ఇసుకని ఎవరైనా ముట్టుకుంటున్నారా?"

"లేదండి."

"ఆవిరయ్యేది నీళ్లేగాని ఉప్పు కాదండి. నీళ్లు తగ్గితే ఉప్పు పెరగాలి. మీ తొట్టెలో తగ్గుతోంది. ఎవరో మంచినీళ్లు పోస్తున్నారు. అడిగితే లేదంటారు." గొంతు తగ్గించింది. "నేను మళ్లీ మళ్లీ రావాలని మీరే పాడుచేస్తున్నారా?"

సుమంత్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆ ఆలోచన నాకు రాలేదండి. వచ్చుంటే బాగుండేది."

ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "నేను నిజంగా అడుగుతున్నాను. నిజం చెప్పని చోటికి నేను రాను. కొట్టు మీది, తొట్టె మీది, తాళం మీది..."

"తాళం నాన్నగారిదండి."

ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.

"పొద్దున్నే కొట్టు తీసేదెవరు?"

"నాన్నగారే. నేను టిఫిన్ తిని వస్తాను."

"రేపు టిఫిన్ మానెయ్యండి," అంది సాయిప్రసన్న.

మర్నాడు ఇద్దరూ వెళ్లేసరికి షట్టర్ సగం ఎత్తి ఉంది. పెరట్లో కుళాయి చప్పుడు. చంద్రరావు పంచె ఎగ్గట్టి, పీట మీద కూర్చుని, బేసిన్‌లో ఇసుక కడుగుతున్నాడు. పక్కన జల్లెడ, మగ్గు.

"ఏం చేస్తున్నారు నాన్నగారూ?"

"కనపడట్లా? నీ సముద్రానికి స్నానం చేయిస్తున్నాను."

"రోజూనా?"

"మరి? బోణీకి ముందు ఆ గోధుమరంగు మురికి జనానికి చూపించమంటావా? పైపైన తీసి కడిగి మళ్లీ వేస్తున్నాను. తగ్గిన నీళ్లు మగ్గుతో పోస్తున్నాను. నీకు చెయ్యడానికి బద్ధకం కదాని నేను చేస్తున్నాను."

సుమంత్ నోరు తెరిచాడు. సాయిప్రసన్న చెయ్యి అడ్డం పెట్టి, ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"బాబాయిగారూ, మీ గుమస్తా అప్పాజీగారు ఎన్నాళ్ల నుంచి ఉన్నారు?"

"నా పెళ్లికి ముందు నుంచీ."

"రోజూ పొద్దున్నే ఆయన్ని, సేల్స్ వాళ్లని పంపించేసి కొత్తవాళ్లని పెట్టుకుంటే?"

"కొట్టు మూసుకోవాలి. ఏ చీర ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?"

"ఈ ఇసుకలో కంటికి కనపడని పనివాళ్లుంటారండి. బ్యాక్టీరియా. సముద్రపు రాళ్లకి అంటుకొచ్చిన చిన్న ప్రాణులు చచ్చి కుళ్లితే అమోనియా వస్తుంది, దాన్ని తినేది వాళ్లే. కుదురుకోవడానికి టైం పడుతుంది. మీ కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఉంది. కుదురుకుంటున్నవాళ్లని రోజూ కడిగేస్తున్నారు."

చంద్రరావు బేసిన్ వైపు చూశాడు. "మురికి కాదా ఇది?"

"మీ ఇసుక మరీ శుభ్రంగా ఉందండి. అదే జబ్బు."

"ఆ గోధుమరంగు?"

"కొత్త తొట్టెకి వస్తుంది. దానంతటదే పోతుంది. ముట్టుకోకూడదు."

"పోకపోతే?"

"మీ పట్టుచీరల బీరువా నేనే దగ్గరుండి మోయిస్తాను."

ఆయన కుళాయి కట్టేశాడు. బయట సుమంత్ గొడుగు విప్పాక సాయిప్రసన్న అంది, "మీరు అబద్ధం చెప్పారనుకున్నాను. సారీ."

"సారీ వద్దండి. వారం వారం వచ్చి చూస్తే చాలు." ఈసారి గొడుగు ఇద్దరి మీదా పట్టాడు.

ఆషాఢం డిస్కౌంట్ మొదలైంది. ఇసుక గోధుమరంగుకి తిరిగింది, రాళ్లు కూడా. చంద్రరావు చేతులు వెనక్కి కట్టుకుని తొట్టె ముందు నిలబడేవాడు. ఓసారి జల్లెడ దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. చివరికి జనానికి కనపడకుండా తొట్టె మీద ఓ చీర కప్పాడు. ఎవరో ఆవిడ ఆ చీరే కావాలని పట్టుబట్టి కొనుక్కుపోయింది. ఇంకోటి కప్పాడు.

సాయిప్రసన్న చూసి, "మంచి పని చేశారండి. వెలుతురు తగ్గితే ఆ పొర తొందరగా పోతుంది," అంది.

"నాకు తెలుసు," అన్నాడు చంద్రరావు.

చీర తీసిన రోజు ఇసుక తెల్లగా ఉంది. నీళ్లలోంచి వెనక గోడ మీది క్యాలెండర్ చదవచ్చు. సుమంత్ తల్లి సత్యలక్ష్మి ఆ వేళకి కాఫీ ఫ్లాస్కుతో వచ్చింది. సాయిప్రసన్న పరీక్షగొట్టంలో చుక్కలు వేసి ఊపింది. ఎప్పుడూ ఆకుపచ్చగా మారే నీళ్లు పసుపుగా ఆగాయి.

"అమోనియా లేదు బాబాయిగారూ! చేపల్ని తెచ్చుకోండి!"

"ఏమ్మా," అంది సత్యలక్ష్మి కాఫీ అందిస్తూ, "ఆయన్ని బాబాయి అంటే మావాడు నీకు ఏమవుతాడో ఆలోచించావా?"

సాయిప్రసన్న కప్పు పట్టుకుని నేల చూసింది. చంద్రరావుకి హఠాత్తుగా గోడౌన్‌లో పని గుర్తొచ్చింది. సత్యలక్ష్మి ఆయన వెనకే వెళ్లింది.

"నీళ్లు బాగుపడ్డాయి," అన్నాడు సుమంత్. "ఇంక మీరు రానక్కర్లేదు."

"నీళ్లకైతే అక్కర్లేదు."

"మరి నాకైతే?"

"మీకేమైంది? ఏ పరీక్ష చెయ్యాలి?"

"పరీక్షలయ్యాయండి. మీరు రాని రోజు కొట్లో ఉండలేకపోతున్నాను. పెళ్లి చేసుకుందామా?"

ఆమె కాఫీ తాగింది. తొందరపడలేదు.

"ఇంట్లో అడగండి," అంది. "మా అమ్మకి మాత్రం గొడుగు సంగతి ముందే చెప్పాను."

వరలక్ష్మీ వ్రతం శుక్రవారం పొద్దున్నే వాన. తొట్టెలో నారింజరంగు చేపలు రెండు పగడం చుట్టూ తిరుగుతున్నాయి. ముడుచుకుని వచ్చిన పగడం ఆ వేళకి విచ్చుకుంది. తల్లులిద్దరూ ముందురోజే ఫోన్లో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో సుమంత్‌కి ఎవరూ చెప్పలేదు.

ఇంకా ఎవరూ రాకముందే సాయిప్రసన్న వచ్చింది. తల్లికి ఓ చీర ఏరుకుని, కౌంటర్ దగ్గరికెళ్లి నోట్లు చాపింది. చంద్రరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బోణీ కాలేదమ్మా ఇంకా."

"అందుకేగా పొద్దున్నే వచ్చాను మావయ్యగారూ. నా చేత్తో చేద్దామని."

"కుదరదు," అన్నాడు చంద్రరావు. "ఇంటివాళ్ల డబ్బు బోణీ ఎలా అవుతుంది?"

సుమంత్ మడత పెడుతున్న చీర జారి నేలమీద పరుచుకుంది. సాయిప్రసన్న నోట్లు పర్సులో పెట్టుకుంది. పర్సు మూయడానికి కొంచెంసేపు పట్టింది.

గుమ్మంలో ఒకావిడ గొడుగు దులుపుతోంది. ఆమె చెయ్యి విడిపించుకుని ఓ పాప తొట్టె దగ్గరికి పరిగెత్తి, అద్దానికి ముక్కు ఆనించింది.

"రండమ్మా రండి, పాపని చూడనివ్వండి. చేపలు ఎక్కడికీ పోవు," అన్నాడు చంద్రరావు. కౌంటర్ తలుపు తీసి సాయిప్రసన్నకి దారిచ్చాడు. "ఇటొచ్చి నిలబడమ్మా. బోణీ బేరం ఎలా చెయ్యాలో చూద్దువుగాని."