కుక్కల్లేని కొట్టులో ఏడుపు

దక్షిణ ధ్రువపు మంచులో ఉన్న మా స్థావరంలో కుక్కల కొట్టు వైపు ఎవరూ వెళ్లరు. అందులో కుక్కలు లేవు — భయమంతా అదే. ముప్పై ఏళ్ల కిందట మంచుబండ్లు లాగే కుక్కలన్నిటినీ ఓడ ఎక్కించి పంపేశారు. ఒక్కటి మాత్రం ఎక్కలేదట. అదింకా ఏడుస్తోందట...

మేం పద్నాలుగు మందిమి. అందులో ఆరుగురు పెద్ద చదువులవాళ్లు. మంచుగడ్డ చూసి దాని వయసు చెప్పగలరు. నూనె పీపా తేవాలంటే మాత్రం ఆ కొట్టు తప్పించి, రెండొందల గజాలు చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు.

ఏడుపు మధ్యాహ్నం రెండు దాటాకే వినిపించేది. అందరం తిని కునుకు తీసే వేళ. జూన్‌లో మాకు పొద్దు పొడవదు, మిట్టమధ్యాహ్నమైనా కాటుక చీకటి. దెయ్యానికి రాత్రి దాకా ఆగే కష్టం లేదు.

కమాండర్ ఇరుస్తా గారైతే ఏకంగా ఆజ్ఞ వేశారు. "రెండు నుంచి నాలుగు దాకా అందరూ పడుకోండి. కొట్టు వైపు పోవద్దు. ఆ కుక్క మంచిది కాదు."

ఆయన హాస్యమాడగా ఎవరూ చూడలేదు. అందుకని నమ్మాం.

ఇక ఎర్మిందా. మా దగ్గర గాలీ, చలీ కొలిచి రాసే మనిషి. మార్చిలో చివరి ఓడ వెళ్లిపోయిన తొమ్మిదో రోజు ఫోనొచ్చింది — సొంతూరు కొర్రియెంతెస్‌లో వాళ్లమ్మ పోయిందని. మళ్లీ ఓడ డిసెంబర్‌లోనే. కడసారి చూపు కాదు కదా, పిడికెడు మట్టి వేసే యోగం కూడా లేకపోయింది.

ఆమె ఏడవలేదు. మేం ఏడవనిస్తే కదా. మా గోడలు అట్టముక్కలు. ఒకరు తుమ్మితే మూడో గదిలోంచి చిరంజీవ అంటారు. ఆమె ముక్కు చీదితే చాలు, డాక్టర్ లిసాంద్రో మాత్రలతో హాజరు. ఆయన వెనకాలే మెకానిక్ ఫాకుందో, మాతే ఆకు మరిగించి పోసిన సొరబుర్ర పట్టుకుని.

"తాగు పిల్లా, వేడిగా ఉంది."

"వద్దు ఫాకుందో."

"పోనీ అకార్డియన్ వాయించనా? మీ ఊరి పాటే."

"వాయించు. తర్వాత వేళ్లు ఉండవు."

వాడు బయటికొచ్చి, "కోలుకుంటోంది" అని మాకు చెప్పాడు.

నేనూ తక్కువ తినలేదు. వంటగది నాదే కాబట్టి పూటకో తీపి రొట్టె చేసి ఆమె తలుపు దగ్గర పెట్టేదాన్ని. అవి ఫాకుందో తినేవాడు. లోకంలోకెల్లా ఖాళీ చోట ఉన్నాం, ఒక మనిషి ఒంటరిగా ఏడవడానికి అక్కడ జానెడు జాగా లేదు.

తొంభయ్యో రోజున ఎర్మిందాకి విసుగు తలకెక్కింది. దెయ్యమే నయం, ఓదార్చదు అనుకుంది.

రెండుంపావు... బూట్లు చేత్తో పట్టుకుని నడవ దాటింది. బయటికొచ్చి తొడుక్కుంది. దారి తప్పకుండా కట్టిన తాడు పట్టుకుంది. గాలి. పది అడుగులు... ఇరవై... చేతికి కొట్టు తలుపు తగిలింది.

గడియ తీసే ఉంది.

ఏడుపు — లోపలే.

ముందు సన్నగా... తర్వాత పొడుగ్గా, గొంతు చీరుకుపోయేలా. ఎర్మిందాకి భయం కన్నా కోపమే ఎక్కువ. ఇంత కష్టపడి వస్తే ఇక్కడా ఎవరో ఉన్నారు.

"ఎవరది?" అంది.

ఏడుపు ఆగింది. చీకట్లో ఏదో కదిలింది... లేచింది... మనిషెత్తు ఉంది.

దీపం వెలిగింది.

కమాండర్ ఇరుస్తా. మీసం మీద మంచు కట్టింది. చేతిలో ఆడవాళ్ల ఉన్ని టోపీ.

"ఇది పడుకునే వేళ," అన్నారాయన గుసగుసగా.

"సార్... కుక్క మీరేనా?"

ఆయన టోపీ మీది మంచు దులిపారు. "మా ఆవిడ పోయి రెండేళ్లు. ఇంటి దగ్గర పిల్లలు చూస్తారు. ఇక్కడ మీరంతా చూస్తారు... కుక్క కథ నేనే పుట్టించాను."

ఆమెకి తిక్క రేగింది.

"మీకేమో కొట్టు. నాకేమో మాత్రలు, మాతే, అకార్డియన్. తొంభై రోజులు సార్. నేనెక్కడ ఏడవాలి, సముద్రం మీదా? మా అమ్మని..."

ఆ మాట దగ్గర కట్ట తెగింది. ఏడుపు నాలుగు దాకా ఆగలేదు.

ఆయన భుజం తట్టలేదు. దీపం ఆర్పి గోడ వైపు తిరిగి కూర్చున్నారు. డిసెంబర్‌లో ఇంటికి తిరిగెళ్లే ఓడ మీద ఇదంతా చెబుతూ, అందుకే ఆయన కమాండర్, మీరెవరూ కారు అని ఎర్మిందా నన్నే ఎత్తిపొడిచింది.

ఆ సాయంత్రం సూప్ వడ్డిస్తుంటే ఫాకుందో చెంచా ఆపాడు.

"విన్నారా ఇవాళ?" అన్నాడు చిన్నగా. "రెండు కుక్కలు..."

అంత చదివిన డాక్టరూ శిలువ గుర్తు వేసుకున్నాడు.

"రెండోది కొత్తది," అన్నారు ఇరుస్తా తలెత్తకుండా. "ఇంకా గొంతు సాగలేదు."

"సాగుతుంది సార్," అంది ఎర్మిందా, రొట్టె తుంచుకుంటూ. కళ్లు వాచి ఉన్నాయి. "కొట్టు ఒక్కటే కదా. రోజు విడిచి రోజు, వంతులేసుకుంటాయి."